చిన్న సామాన్లకు బబుల్ కవరు: పొడవు కాదు, మందం చూసి సైజు ఎంచుకోండి

నా ఫోన్‌లో ఒక ఏనుగు ఫొటో ఉంది. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో చెక్కిన ఏనుగు, అరచేతిలో పట్టేంతది. ఫొటోలో దాని తొండం విరిగి పక్కన పడి ఉంది. హైదరాబాదులో దాన్ని కొన్న ఆవిడ పార్సిల్ విప్పి, ఒక్క మాట కూడా అనకుండా ఆ ఫొటో వాట్సాప్‌లో పంపింది. ఆమె వద్దన్నా డబ్బు వెనక్కి ఇచ్చేశాను. కానీ ఆ బొమ్మ చెక్కిన ఆయన గుర్తొచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు. తొండం కింది సన్నటి వంపు కోసం ఆయన ఎంతసేపు వంగి కూర్చున్నాడో నేను పక్కనే ఉండి చూశాను.

తప్పు నాది. ఏనుగుకు దెబ్బ తగలకూడదని ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద బబుల్ కవరు (లోపల గాలి బుడగల పొర ఉన్న కవరు), 10×14 అంగుళాలది, తీసి అందులో వేశాను. పెద్ద కవరైతే ఎక్కువ భద్రం అనుకున్నాను. చిన్న వ్యాపారం మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ఇలాగే అనుకుంటారు. ఇప్పుడు నన్ను అడిగే ప్రతి చెల్లెలికీ ముందు ఆ ఫొటో చూపించి, తర్వాతే సైజుల సంగతి చెబుతున్నాను.

నేను ఉండేది తిరుపతి బైరాగిపట్టెడలో. ఇంటి ముందు గదిలోంచే ఐదేళ్లుగా పార్సిళ్లు పంపుతున్నాను. కాళహస్తి కలంకారీ పౌచ్‌లు, బుక్‌మార్కులు, మాధవమాల చెక్క బొమ్మలు, చిన్న ఇత్తడి దీపాలు, గంటలు. వారానికి పదిహేను, ఇరవై పార్సిళ్లు. అన్నీ చేతిలో పట్టేవే. చిన్న సామాన్లకు కవరు ఎంచుకోవడమే ఎక్కువ చిక్కు. పెద్ద సామానైతే ఎవరైనా అట్టపెట్టెలోనే పెడతారు, ఆలోచించే పనే లేదు.

పెద్ద కవరులో ఏం జరుగుతుందో చెబుతాను. లోపల ఖాళీ ఉంటే వస్తువు ఒక చోట నిలవదు. బస్తాలో పడేసినప్పుడు, బండి కుదిపినప్పుడు జారుతూ జారుతూ కింది మూలకు చేరుతుంది. కవరు కింద పడితే ముందుగా నేలను తాకేది ఆ మూలే. కవరంతా బుడగలు ఉన్నాయని మనం ధీమాగా ఉంటాం. కానీ మూలలో ఉండేది రెండు పొరలను కలిపిన అతుకు. అక్కడ బుడగలు ముందే నొక్కుకుపోయి ఉంటాయి. అంటే కవరులో అన్నిటికంటే బలహీనమైన చోటుకు మన వస్తువు తనంతట తానే వెళ్లి కూర్చుంటుంది. నా ఏనుగు అలాగే వెళ్లింది, తొండం ముందుకు పెట్టుకుని.

తర్వాత కొన్నాళ్లకు దీనికి ఎదురు తప్పు చేశాను. ఖాళీ ఉండకూడదు కదా అని ఒక ఇత్తడి గంటను 5×7 కవరులోకి బలవంతంగా దూర్చాను. మూత అంటించేటప్పుడే రెండు చేతులతో నొక్కి పట్టాల్సి వచ్చింది. కౌంటర్ దగ్గర తూకం వేసే అన్న కవరు తిప్పి చూసి, "ఏమ్మా, మూల పగిలిపోయిండాది, గంట బయటికి కనపడతా ఉండాది చూడు" అన్నాడు. ఇంకా మా ఊరు కూడా దాటలేదు! బిగుతుగా ఉన్న కవరులో బుడగలు సాగి పలచబడతాయి, కొన్ని అక్కడికక్కడే పగులుతాయి. అతుకు మీద ఎప్పుడూ లాగుడు ఉంటుంది. ఇక దారిలో చిన్న దెబ్బ తగిలినా అతుకు విడిపోతుంది.

బబుల్ షీట్‌లో మనల్ని కాపాడేది ప్లాస్టిక్ కాదు, గాలి. 1957లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు ఇంజనీర్లు గోడలకు అంటించే కొత్త రకం కాగితం తయారు చేయబోతే వచ్చింది ఈ బుడగల షీటు. గోడలకు పనికిరాలేదు. కొన్నేళ్ల తర్వాత కంప్యూటర్లు ప్యాక్ చేయడానికి పనికొచ్చింది. దెబ్బ తగిలినప్పుడు ఆ గాలి నొక్కుకుని మళ్లీ లేవడానికి చోటు ఉండాలి. కవరు బిగుతుగా ఉంటే ఆ చోటు ఉండదు, వదులుగా ఉంటే వస్తువు బుడగల మీద ఆనుకోదు. సరైన సైజు ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. అది కంటి అంచనాకు దొరకదు, కొలవాలి.

కొలిచే ముందు కవరు మీద రాసిన అంకెల సంగతి తేల్చుకోండి. 6×8 అని ఉంటే అది చాలాసార్లు బయటి కొలత. వస్తువు ఉండేది లోపల కదా. రెండు పక్కలా అతుకు కొంత తింటుంది, బుడగల మందం ఇంకొంత తింటుంది. మా ఇంట్లో ఉన్న 6×8 కవరు తీసుకుని ఒక గట్టి అట్టముక్కను లోపలికి తోశాను. ఆరు అంగుళాల వెడల్పు అట్ట దూరనే లేదు. కొంచెం కొంచెం కత్తిరిస్తూ పోతే ఐదుంపావు దగ్గర సాఫీగా లోపలికి జారింది. అంటే వెడల్పులో ముప్పావు అంగుళం పోయింది. సెంటీమీటర్లలో 15కి 13 చిల్లర మిగిలింది. చిన్న కవరులో ఈ ముప్పావు చాలా పెద్ద తేడా. 4×6 కవరులో అయితే దాదాపు ఐదో వంతు వెడల్పు అతుకులకే పోతుంది.

మీరు కూడా కొత్త రకం కవరు కొన్న రోజే ఈ అట్ట పరీక్ష ఒకసారి చేయండి. దూరిన అట్ట వెడల్పును మార్కర్‌తో ఆ కట్ట మీదే రాసి పెట్టండి. పొడవుకైతే అట్ట అడుగు తాకేదాకా తోసి, కవరు నోటి దగ్గర గీత పెట్టండి. మూసే మడత పొడవులోకి రాదు, దాన్ని వదిలేయండి. కొందరు అమ్మేవాళ్లు మడతను కూడా కలిపి పొడవు చెబుతారు. అందుకే ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు లోపలి కొలత ఎంత అని అడగండి. వేరే దేశం నుంచి వచ్చిన కవర్ల మీద అంగుళాలకు బదులు నంబర్లు ఉంటాయి. అమెరికా లెక్కలో 0 నంబరు అంటే 6×10, 2 అంటే 8.5×12, 5 అంటే 10.5×16. అవి కూడా బయటి కొలతలే అనుకుని చూసుకోండి.

ఇక అసలు సంగతి, మందం. బొమ్మ వెడల్పు ఏడు సెంటీమీటర్లు, కవరు లోపలి వెడల్పు ఎనిమిది, కాబట్టి పడుతుంది అనుకుంటాం. పట్టదు. కవరు అనేది బల్లపరుపుగా ఉన్న సంచి. అందులో మందమైన వస్తువు పెడితే పక్కలు పైకి లేస్తాయి, ఆ లేచిన మేరకు వెడల్పు తగ్గిపోతుంది. నాలుగు సెంటీమీటర్ల మందం ఉన్న వస్తువు వెడల్పులోంచి సుమారు నాలుగు సెంటీమీటర్లు తినేస్తుంది. పొడవులోంచీ అంతే. ఈ ఒక్క మాట ఐదేళ్ల కింద నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎన్నో కవర్లు మిగిలేవి.

దీనికి లెక్కలు రాకపోయినా పర్వాలేదు, పూలు కట్టే దారం చాలు. ఒక చెక్క గణపతిని తీసుకుని చేసి చూపిస్తాను. ఎత్తు 9 సెంటీమీటర్లు, వెడల్పు 6, మందం 3. తొండం పొట్టకు ఆనుకుని ఉంటుంది కాబట్టి విరిగే భాగం లేదు, కవరులో పంపడానికి మంచి బొమ్మ.

ముందు బొమ్మకు బబుల్ షీట్ ఒక చుట్టు చుట్టండి, బుడగలు బొమ్మ వైపు ఉండేలా. కొలిచేది ఎప్పుడూ చుట్టిన తర్వాతే. చుట్టాక అది ఇంచుమించు 10, 7, 4 అవుతుంది. ఇప్పుడు దారాన్ని నడుముకు మొలతాడు కట్టినట్టు బొమ్మ చుట్టూ అడ్డంగా తిప్పండి. బిగించకండి, బుడగలు నొక్కుకోకుండా ఆనితే చాలు. దారం కొస తగిలిన చోట గోటితో పట్టుకుని, విప్పి స్కేలు మీద పెట్టండి. నాకు 22 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని సగం చేస్తే 11. కవరుకు ముందు పక్క ఒకటి, వెనక పక్క ఒకటి ఉంటుంది కాబట్టి సగం. దానికి ఒకటిన్నర సెంటీమీటరు వదులు కలపండి. 12.5. కవరు లోపలి వెడల్పు కనీసం ఇంత ఉండాలి.

ఇప్పుడు అదే దారాన్ని నిలువుగా తిప్పండి, తల మీద నుంచి పాదాల కింద నుంచి. 28 వచ్చింది, సగం 14, మూత సాఫీగా పడటానికి రెండు కలిపితే 16. ఇక ఇంట్లో ఉన్న కవర్ల మీద రాసుకున్న లోపలి కొలతలు చూడండి. 6×8 కవరు లోపల వెడల్పు 13 చిల్లర, పొడవు 19 దాకా ఉంది. సరిపోయింది. పొడవులో మిగిలిన మూడు సెంటీమీటర్లలో పాత పేపరు ఉండ ఒకటి పెడితే బొమ్మ పైకీ కిందికీ కదలదు. బొమ్మ వెడల్పు ఏడే కదా అని 4×6 తీసి ఉంటే నోటి దగ్గరే ఆగిపోయేది.

దారం కొలత నాకు స్కేలు కొలత కంటే ఎక్కువ నచ్చడానికి ఇంకో కారణం ఉంది. కామాక్షి దీపం లాంటిది స్కేలుతో ఎక్కడ కొలుస్తారు? కింద గుండ్రం, వెనక అమ్మవారి పలక, ముందు ఒత్తి పెట్టే మూతి. దారం అయితే ఆకారం ఎలా ఉన్నా చుట్టుకొలత ఒకటే అంకెగా చెబుతుంది. అదే మనకు కావాల్సింది.

కవరు లోపలికి వెళ్లాక వస్తువు సరిగ్గా కూర్చుందో లేదో చేతికే తెలుస్తుంది. మూత అంటించక ముందు కవరును చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. చప్పుడు వచ్చినా, లోపల ఏదో జారినట్టు చేతికి తెలిసినా ఖాళీ ఎక్కువైనట్టు. తర్వాత నాలుగు మూలలనూ బొటనవేలితో నొక్కండి. మూలలో వస్తువు గట్టిగా తగిలితే కవరు చిన్నదైనట్టు. మూలలు మెత్తగా, ఖాళీగా ఉండాలి, వస్తువు నడుమ ఉండాలి. కొత్త రకం వస్తువు మొదటిసారి పంపేటప్పుడు ఇంకో పని చేస్తాను. ప్యాక్ చేసి, నడుము ఎత్తు నుంచి మా ముందు గది బండల మీద మూలలు నేలకు తగిలేలా నాలుగైదు సార్లు వదులుతాను. విప్పి చూస్తాను. ఆ పనికి ఒక బొమ్మ పోయినా పోనీ. వెళ్లి చేరాక పగిలిందని తెలిసే బాధ కంటే అది నయం.

ఆ ఏనుగుకు ఏ కవరు తెస్తే సరిపోయేదని మీరు అడగొచ్చు. ఏ కవరూ కాదు. ఏనుగు పొడవు 10, ఎత్తు 9, మందం 4. తొండం ఉన్నందుకు రెండు చుట్లు చుట్టాలి, అప్పుడు 12, 11, 6 అవుతుంది. చుట్టాక మందం ఐదు సెంటీమీటర్లు దాటితే నేను కవరు జోలికి పోను. సన్నగా బయటికి పొడుచుకొచ్చిన భాగం ఉంటే ఐదు లోపు ఉన్నా పోను. బబుల్ కవరు దెబ్బను మెత్తబరుస్తుంది గానీ నొక్కుడును ఆపలేదు. బస్తాలో దాని మీద పది కిలోల పార్సిల్ పడితే ఆ బరువు నేరుగా తొండం మీదికే వస్తుంది. దానికి గోడలున్న పెట్టె కావాలి. ఇప్పుడు ఏనుగులు, గరుడ విగ్రహాలు, నెమళ్లు అన్నీ చిన్న అట్టపెట్టెల్లోనే వెళ్తున్నాయి. తొండానికీ కాళ్లకూ మధ్య సందులో పేపరు కూరి, ఆ తర్వాతే షీటు చుడతాను. సందు నింపకుండా పైన ఎన్ని చుట్లు చుట్టినా ఆ సన్నటి భాగానికి ఆసరా ఉండదు.

పెట్టె అంటే ఖర్చు ఎక్కువని భయపడతారు. నేనూ భయపడ్డాను, లెక్క వేసుకునే దాకా. కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు, బండిలో ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం ఎక్కువగా వాడే పద్ధతి. కొందరు వేరే అంకెతో భాగిస్తారు కాబట్టి మీ కొరియర్ ఏది వాడుతుందో అడిగి తెలుసుకోండి. ఇలా వచ్చిన కిలోలు, అసలు తూకం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. నా పెద్ద కవరు ఉబ్బాక 35×25×6 అయింది. గుణిస్తే 5250, భాగిస్తే కిలో దాటింది. ఏనుగు అసలు బరువు రెండు వందల గ్రాములు కూడా లేదు! అదే ఏనుగు 15×12×8 పెట్టెలో పెడితే 1440, భాగిస్తే 300 గ్రాముల లోపే. ఖాళీ గాలికి డబ్బు కట్టి మరీ తొండం విరగ్గొట్టుకున్నానని ఆ రోజు అర్థమైంది.

పోస్టాఫీసులో పంపేవాళ్లు తూకం మెట్లు గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. స్పీడ్ పోస్టు ధర తూకాన్ని బట్టి మెట్లు మెట్లుగా పెరుగుతుంది, మీ సామాను ఏ మెట్టులోకి వస్తుందో పోస్టాఫీసులో అడిగి తెలుసుకోండి. కవరు బరువు కూడా ఈ తూకంలోకే వస్తుంది. వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి పార్సిళ్ల కోసమే పెట్టుకోండి. తూకం ఒక మెట్టు అంచున ఉన్న దీపాన్ని అవసరం లేని పెద్ద కవరులో వేస్తే, ఆ కవరు బరువుకే పై మెట్టు ధర కట్టాల్సి వస్తుంది. కలంకారీ బుక్‌మార్కులైతే ఇంకా తేలిక. వాటికి బబుల్ కవరే అక్కర్లేదు. రెండు అట్టముక్కల మధ్య పెట్టి మామూలు కవరులో పంపితే వంగకుండా చేరతాయి.

అసలు బట్టకు బుడగలు ఎందుకు? పౌచ్‌లు, రుమాళ్లు, బ్లౌజు ముక్కలు పగిలేవి కావు. వాటికి కావాల్సింది తడి నుంచి కాపాడటం. పలచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పైన మామూలు కొరియర్ కవరు వేస్తే చాలు. బట్టకు బబుల్ కవరు వాడితే డబ్బూ దండగే, ప్లాస్టిక్కూ దండగే. అయితే పౌచ్‌కు జిప్ దగ్గర ఇత్తడి గజ్జె గానీ, పూస గానీ ఉంటే దాన్ని లోపలికి మడిచి పెట్టండి. బయటికి ఉంటే దారిలో రాసుకుని రాసుకుని కవరుకు రంధ్రం చేస్తుంది. బట్ట మడత కూడా మందమేనని మర్చిపోకండి. రెండు మడతలు వేసిన పౌచ్ పలచగానే కనిపిస్తుంది, కానీ దారం చుట్టి చూస్తే తెలుస్తుంది.

చెవిపోగులు, ముక్కుపుడకల లాంటి నగల వ్యాపారం చేసేవాళ్లకు ఒక సలహా. నగను నేరుగా బబుల్ కవరులో వేయకండి. చిన్న అట్టడబ్బాలో దూది మీద పెట్టి, ఆ డబ్బాకు దారం చుట్టి కొలవండి. డబ్బాకు నాలుగు మూలలు పదునుగా ఉంటాయి కాబట్టి ఒకటిన్నర కాదు, రెండు సెంటీమీటర్ల వదులు ఇవ్వండి. గాజు గాజులకూ, పలమనేరు మట్టి బొమ్మలకూ మాత్రం ఏ సైజు కవరూ వద్దు. మట్టి వస్తువుకు పెట్టె, పెట్టెలో అన్ని వైపులా రెండు వేళ్ల మందం మెత్త, అంతకు తక్కువైతే పంపకపోవడమే మంచిది.

మా ఊళ్లో ఉండటం వల్ల నన్ను తరచూ అడిగేది ఇంకొకటి ఉంది. పక్కింటి అత్తయ్య బెంగళూరులో ఉన్న కూతురికి లడ్డూ పంపాలంటూ కవరు కోసం వస్తుంది. కవరులో లడ్డూ పొడి అయిపోతుంది, నెయ్యి కాగితం మీదికి దిగి అడ్రసు చెరిగిపోతుంది. గట్టి మూత డబ్బాలో పెట్టి, డబ్బాను అట్టపెట్టెలో పెట్టి ఇస్తాను. ప్రసాదం కదా, చేరేటప్పుడు గుండ్రంగానే చేరాలి.

సైజు కుదిరాక కవరు దేంతో చేసిందో చూడాలి. బయట కాగితం, లోపల బుడగలు ఉన్నది ఒక రకం. బయటా లోపలా ప్లాస్టిక్కే ఉన్నది ఇంకో రకం. కాగితం కవరు చూడటానికి బాగుంటుంది, పెన్నుతో రాయొచ్చు, కొన్నవాళ్లు మళ్లీ వాడుకుంటారు. ఎండాకాలమంతా నేను అదే వాడతాను. కానీ మన వైపు పెద్ద వానలు నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు పారినప్పుడు, నేల మీద పెట్టుకున్న నా కాగితం కవర్ల కట్ట చెమ్మ పీల్చి మెత్తబడిపోయింది. అంటించే జిగురు కూడా పట్టు వదిలేసింది. అప్పటి నుంచి ఆ రెండు నెలలూ ప్లాస్టిక్ కవర్లే. కవర్ల కట్ట ఏ కాలంలోనైనా అటక మీదే. ఒకే అంకె ఉన్నా రెండు రకాల లోపలి కొలత ఒకటి కాదు. అందుకే రకం మార్చినప్పుడల్లా అట్ట పరీక్ష మళ్లీ చేయాలి.

అడ్రసు లేబుల్ కూడా సైజును నిర్ణయిస్తుందని నాకు మొదట్లో తోచలేదు. ఆన్‌లైన్ అమ్మకాల్లో వాడే లేబుల్ సాధారణంగా 4×6 అంగుళాలు. అది 4×6 కవరు మీద ఎలా పడుతుంది? అంచు దాటి వెనక్కి మడతపడుతుంది. బార్‌కోడ్ ఆ మడత మీద పడితే స్కానర్ చదవదు, పార్సిల్ పక్కన పెట్టేస్తారు. లేబుల్ అతికించేవాళ్లు వస్తువు ఎంత చిన్నదైనా 6×8కి తగ్గకండి. ఉబ్బుగా ఉన్న వైపు కాకుండా సాఫీగా ఉన్న వైపు అంటించండి. కవరులో వస్తువు పెట్టక ముందే, బల్ల మీద పరిచి అంటిస్తే ముడతలు రావు. నా పేరు, అడ్రసు వేసిన రబ్బరు స్టాంపులో చాలాకాలం చిత్తూరు జిల్లా అనే ఉండేది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా అయ్యాక మార్పించాను. జిల్లా పేరు పాతదైనా పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే చేరని పార్సిల్ మనకు తిరిగొస్తుంది గానీ, ఆ ఆరు అంకెల్లో ఒకటి తప్పయితే కష్టం. పంపేవాళ్లదీ అందుకునేవాళ్లదీ అడ్రసు ఒక చీటీ మీద రాసి లోపల కూడా వేయండి. పైన లేబుల్ ఊడిపోయినా లోపలి చీటీ దారి చెబుతుంది.

మూత అంటించే పట్టీ ఒక్కసారే బాగా పట్టుకుంటుంది. తీసి మళ్లీ అంటిస్తే నమ్మకం లేదు. కాబట్టి ఊపి చూడటం, నొక్కి చూడటం, చీటీ వేయడం అన్నీ అయ్యాకే పట్టీ మీది కాగితం లాగండి. కవరును బల్ల మీద పెట్టి, అరచేతితో అడుగు నుంచి నోటి వైపు మెల్లగా నిమిరితే లోపలి గాలి బయటికి పోతుంది. అప్పుడు అంటించండి. ఇత్తడి లాంటి బరువు సామానైతే మడత మీద రెండు అంగుళాల టేపు అడ్డంగా ఒకటి, అడుగు అతుకు మీద ఒకటి వేయండి. మూత మడత సరైన చోట, అంటే తయారీలో గీత ఉన్నచోట మడవలేకపోతున్నారంటే కవరు చిన్నదైందని అర్థం. టేపుతో సరిపెట్టకండి, పై సైజు తీయండి.

ఎన్ని సైజులు కొనాలి? కొట్లో ఏడెనిమిది సైజులు కనిపిస్తాయి, అన్నీ కావాలనిపిస్తుంది. మీరు ఎక్కువగా అమ్మే మూడు వస్తువులకు దారం చుట్టి కొలవండి, వాటికి సరిపోయే రెండు సైజులు తీసుకోండి. నాకు 6×8, 8×10 చాలు. బబుల్ కవరులో పంపేవాటిలో వందకు తొంభై ఈ రెండింటిలోనే వెళ్తాయి. రెండు సైజుల మధ్యలో పడిన వస్తువుకు పెద్దది తీసుకుని, మిగిలిన ఖాళీని పేపరుతో నింపండి. కవరు అంచును మడిచి టేపు వేసినా సరే. ఖాళీని నింపొచ్చు, చిన్న కవరును పెద్దది చేయలేం. మొదట పది కొని, రెండు వారాలు వాడి, ఆ తర్వాతే వంద కొనండి. ధర తగ్గుతుందని నేను మొదటి నెలలోనే 5×7 కవర్లు ఒకేసారి వంద కొన్నాను. గణపతి పట్టలేదు, దీపం పట్టలేదు, లేబుల్ కూడా పట్టలేదు. అవి ఇప్పుడు ఇంట్లోనే పనికొస్తున్నాయి. ఒక్కో చిన్న ఇత్తడి గంటను ఒక్కో దాంట్లో, మూత అంటించకుండా పెట్టి బీరువాలో దాస్తాను, ఒకదానికొకటి రాసుకుని గీతలు పడకుండా.

తిరిగొచ్చిన కవర్లనూ, మనకు వేరేచోట నుంచి వచ్చిన కవర్లనూ పారేయకండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ప్లాస్టిక్ కవరైతే పగిలిన బుడగలు కనిపిస్తాయి. కాగితం కవరైతే లోపల చెయ్యి పెట్టి తడిమితే తెలుస్తుంది. చదునైపోయిన చోట్లు అరచేతి కంటే ఎక్కువ ఉంటే అది కవరుగా పనికిరాదు. కత్తిరించి పెట్టెల్లో మెత్తగా వాడండి. బాగుంటే మళ్లీ వాడొచ్చు, కానీ పాత లేబుల్ పూర్తిగా పీకేయండి. ఊడి రాకపోతే పాత బార్‌కోడ్ మీద తెల్ల కాగితం అతికించి, దాని మీదే కొత్త లేబుల్ వేయండి. రెండు బార్‌కోడ్‌లు కనిపిస్తే స్కానర్ ఏది చదువుతుందో చెప్పలేం.